ఆచార్య శేషాద్రిగారు

మన సిద్దిపేట ప్రాంతమున పత్తిచేను నెరుగనివారు లేరు. గోంగూర వండని యిల్లును లేదు. ఆ పూవులకు వన్నె నిచ్చు పదార్థమేదో తేల్చుటకై దీర్ఘకాలము శ్రమించిన మహనీయుడు ఆచార్య తిరువేంకట రాజేంద్ర శేషాద్రి.

ఆయన 1900వ సంవత్సరమున తమిళదేశమందలి కుళిత్తలైలో జన్మించిరి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సను పండితుని శిష్యులై డాక్టరు పట్టము పొందిరి. పిదప ఆస్ట్రియాలో ఫ్రిట్జ్ ప్రెగ్ల్ వద్ద, కొలది మిల్లీగ్రాముల పదార్థముతోనే దాని కూర్పును నిర్ణయించు విద్య నభ్యసించిరి.

1933లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, అచట రసాయన పరిశోధనకు పునాది వేసిరి. పత్తిపూలు, గోగుపూలు, కానుగ గింజల నూనె వారి పరిశోధనశాలలో పరీక్షింపబడెను. 1942లో విశాఖపట్టణముపై బాంబులు పడగా విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలెను. అయినను పరిశోధన ఆగలేదు. 1949లో ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు వెళ్ళిరి. 1960లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1963లో పద్మభూషణమును పొంది, 1975లో దివంగతులైరి.

ఆయన పరిశోధించిన పదార్థములకు ఫ్లేవనాయిడ్లని పేరు. అందు క్వెర్సెటిన్ అనునది ఉల్లిపాయలోను గలదు. ఒంటికి పడని వస్తువు సోకినపుడు మన దేహమందలి మాస్ట్ కణములు హిస్టమిన్ అను ద్రవ్యమును వెడలించును. దానివలననే దురద, దద్దుర్లు, తుమ్ములు కలుగును. ఆ వెడలింపును క్వెర్సెటిన్ తగ్గించునని పరిశోధనశాలలందు తేలినది. అయితే గాజుపాత్రలో కనబడిన గుణము రోగి దేహమందును కనబడునని నిశ్చయింప వీలులేదు. మనుష్యులయందు జరిగిన పరీక్షలు ఇంకను చాలవు.

మొక్కనుండి మందు వరకు సాగిన ప్రయాణమునకు ఖెల్లిన్ కథ నిదర్శనము. ఈజిప్టు ప్రజలు వాడిన ఒక మొక్క గింజలలోనిది ఆ పదార్థము. దాని అణునిర్మాణము ఫ్లేవనాయిడ్లకు దాయాది వంటిది. ఆ నిర్మాణము నాధారముగా గొని, రోజర్ ఆల్టున్యాన్ అను వైద్యుడు తన ఉబ్బసముపైననే క్రొత్త పదార్థములను పరీక్షించుకొనుచు, 1965లో క్రోమోగ్లైకేటు గుణమును కనుగొనెను.

శేషాద్రిగారు అలర్జీకి మందు కనిపెట్టినవారు కారు. అట్లని వారి సేవ చిన్నది కాదు. లెక్కలు వ్రాసి జీవించిన నాకు తోచున దొక్కటే: పద్దు సరిగా వ్రాయనిదే నిలువ తేలదు. ఆకులో నేమున్నదో, ఎంతయున్నదో తెలియనిదే అది మందో విషమో తేలదు. ఆ పద్దును పదార్థము వెంట పదార్థముగా వ్రాసినవారు శేషాద్రిగారు. దద్దుర్లకు పసరు పూయుట మన పల్లెల అలవాటు. కాని ముఖము వాచి, ఊపిరి సలుపనపుడు పసరు వెదకుచు కాలము గడుపరాదు, తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. మొక్కలను ప్రేమించుచునే పరీక్షను విడువకుండుట ఆయన జీవితము మనకు నేర్పు పాఠము.