బెడ్డోముదొరయు పేరీతయు

మన కడప, తిరుపతి కొండలమీద గడ్డి నడుమ పొట్టి ఈతచెట్టును బోలిన మొక్క యొకటి కలదు. మనవారు దానిని పేరీత యందురు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సైకస్ బెడ్డోమై. ఆ పేరునకు కారణభూతుడైన రిచర్డు హెన్రీ బెడ్డోముదొర చరిత్రమును మన విద్యార్థులకొఱకు క్లుప్తముగా వ్రాయుచున్నాము.

ఈయన 1830 సం॥ మే 11వ తేదీన లండనులో జన్మించెను. న్యాయవాదవృత్తిని కాదని 1848లో కుంపిణీ సైన్యమున జేరి మన దేశమునకు వచ్చెను. మనసు మాత్రము చెట్టుచేమలమీదనే యుండెను. 1857లో మదరాసు అటవీశాఖలో క్లెగ్‌హార్నుదొరకు సహాయుడయ్యెను. 1860 మొదలు 1882 వఱకు ఆ శాఖకు తానే పెద్దగా నుండెను.

ఆ దినములలోనే మదరాసునుండి కడపమీదుగా రాయచూరునకు రైలుదారి వేయుచుండిరి. 1871లో అది ముగిసెను. పట్టాలక్రింది దిమ్మెలకును, ఆవిరియంత్రముల పొయ్యిలకును అడవులు నఱకబడెను. కలప సమకూర్చుట బెడ్డోముదొర యుద్యోగములోనిదే. ఆ మాట దాచుట మాకిష్టము లేదు. అయినను ఏ చెట్టు ఏ నేలను కోరునో యెఱుగనివాడు అడవిని మరల పెంచజాలడు గదా! ఆయన కొండలెక్కి, చెట్లను పరీక్షించి, దక్షిణదేశపు వృక్షములనుగూర్చి పటములతో గొప్ప గ్రంథమును 1869 మొదలు ప్రకటించెను. తిరుపతి కొండల బంగారుబల్లిని 1870లో శాస్త్రలోకమునకు దెలిపినదియు ఈయనయే.

రక్తచందనము మన యీ కొండలలోను, వాని చుట్టుపట్లను దక్క లోకమున మఱెచ్చటను తనంతట మొలవదు. ఆ శతాబ్దముననే కోడూరు ప్రాంతమున అటవీశాఖవారు దానికి తోటలు వేయించిరి. నఱకిన మోడునుండి మరల చిగుర్చుట ఆ చెట్టునకు గల సుగుణము. కలపలేని పేరీతను నాటువారెవరు? బెడ్డోముదొర కడప కొండలనుండి సేకరించిన ఆ మొక్కకు 1883లో డయ్యరు పండితుడు ఆయన పేరే పెట్టెను. అప్పటికి దొర కొలువు చాలించెను. 1911 ఫిబ్రవరి 23వ తేదీన లండనులోనే కాలధర్మము నొందెను.

పేరీతలో ఆడ మగ చెట్లు వేఱువేఱు. వేసవి కార్చిచ్చునకు ఆకులు మాడినను మొదలు మరల చిగుర్చును. మగచెట్టు కంకిని మందులకై కోసికొని పోయినచో ఆడచెట్టునకు పుప్పొడి యందదు; గింజ పట్టదు. 1987 నుండి దేశదేశములవారి యొడంబడికచే ఈ మొక్క వర్తకము నిషిద్ధమైనది. గింజనుండి పెంచిన మొక్క ఆడదో మగదో కంకి వేయువఱకు తెలియదు. అందుకు ఏండ్లు పట్టును. కావున దీనిని కొండలపై మరల నిలుపగోరువారు ఒకటి రెండు గాక పెక్కు మొక్కలను ఒక్కచోటనే నాటవలసియున్నది.