అన్నీ పోయాక కొత్త శాస్త్రం రాశారు: ఇబ్న్ ఖల్దూన్ జీవితం

రాజ్యాలు ఎందుకు ఎదుగుతాయి, ఎందుకు కూలిపోతాయి? ఆరు వందల ఏళ్ల క్రితమే ఈ ప్రశ్నకు కారణాలతో సహా జవాబు వెతికిన వ్యక్తి ఇబ్న్ ఖల్దూన్. ఈరోజు సమాజ శాస్త్రానికి ఆద్యుడిగా చాలామంది పండితులు ఆయన పేరే చెబుతారు. కానీ ఆయన జీవితం పుస్తకాల మధ్య ప్రశాంతంగా గడిచింది కాదు.

1332లో ట్యూనిస్ నగరంలో పుట్టారు. పూర్వీకులది స్పెయిన్‌లోని సెవిల్. అక్కడ పేరున్న కుటుంబం. 13వ శతాబ్దంలో ఆస్తులన్నీ వదిలేసి ఉత్తర ఆఫ్రికాకు వచ్చేశారు. ఇబ్న్ ఖల్దూన్ చిన్నతనంలోనే ఖురాన్ హిఫ్జ్ చేశారు. హదీస్, ఫిఖ్, తర్కం, గణితం చదివారు. ఇంతలో ప్లేగు వచ్చింది. 1348-49లో తల్లిదండ్రులనూ, గురువుల్లో చాలామందినీ తీసుకుపోయింది. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు కూడా సరిగ్గా నిండలేదు.

తర్వాత దర్బారు ఉద్యోగాల్లోకి వెళ్లారు. ఫెజ్ నగరంలో సుల్తాన్‌కు అనుమానం రావడంతో దాదాపు 21 నెలలు జైల్లో ఉన్నారు. సుల్తాన్ చనిపోయాకే బయటపడ్డారు. 1364లో గ్రనడా రాయబారిగా సెవిల్ వెళితే, తన దగ్గరే ఉండిపోతే తాతల ఆస్తి తిరిగి ఇచ్చేస్తానని అక్కడి క్రైస్తవ రాజు ఆశ చూపాడు. ఆయన ఒప్పుకోలేదు. అలాగని ఆయన రాజకీయం మచ్చలేనిదేమీ కాదు. గాలి ఎటు వీస్తే అటు మారారన్న విమర్శ ఇప్పటికీ ఉంది. ఒక దర్బారు కూలితే ఇంకో దర్బారుకు వెళ్లారు, అదీ కూలడం చూశారు.

చివరికి విసిగిపోయి 1375లో, నేటి అల్జీరియాలో ఉన్న ఖల్అత్ ఇబ్న్ సలామా అనే కోటకు కుటుంబంతో చేరుకున్నారు. దాదాపు నాలుగేళ్లు అక్కడే ఉన్నారు. 1377లో ఐదు నెలల్లోనే 'ముఖద్దిమా' మొదటి ప్రతి పూర్తి చేశారు.

అందులో ఆయన చేసిన కొత్త పని ఏంటి? పాత చరిత్రకారులు రాసింది అలాగే నమ్మకుండా, అది అసలు జరిగే వీలుందా అని పరీక్షించారు. ఉదాహరణకు మూసా (అలైహిస్సలాం) కాలంలో ఆరు లక్షల మందికి పైగా సైనికులు ఉన్నారని పాత గ్రంథాల్లో ఉంది. అంత సైన్యం ఒకే చోట బారులు తీరి ఎలా పోరాడగలదు, ఒక కొసన ఏం జరుగుతోందో ఇంకో కొసకు ఎలా తెలుస్తుంది అని ఆలోచించి ఆ లెక్కను కొట్టిపారేశారు.

రాజ్యాన్ని నిలబెట్టేది 'అసబియ్యా', అంటే మనుషుల మధ్య ఐక్యత అని తేల్చారు. కష్టపడి రాజ్యం తెచ్చుకున్న తరంలో అది గట్టిగా ఉంటుంది. సుఖాలకు అలవాటు పడ్డ తరాల్లో కరిగిపోతుంది. అందుకే చాలా రాజవంశాలు మూడు తరాలు, సుమారు 120 ఏళ్లు దాటవని లెక్క చెప్పారు.

పన్నుల గురించీ ఇలాగే రాశారు. రాజ్యం కొత్తలో పన్ను తక్కువ, ఖజానాకు వచ్చేది ఎక్కువ. చివరి రోజుల్లో పన్ను ఎక్కువ, వచ్చేది తక్కువ. ఎందుకంటే లాభం మిగలదని తెలిస్తే జనం పని తగ్గించేస్తారు. 1981లో అమెరికా అధ్యక్షుడు రీగన్ కూడా పన్నుల తగ్గింపును సమర్థించుకుంటూ ఇబ్న్ ఖల్దూన్ పేరు చెప్పారు.

1382లో హజ్ కోసమని బయలుదేరి ఈజిప్టు చేరారు. కైరోలో మాలికీ ఖాజీ పదవి దక్కింది. కానీ 1384లో, ట్యూనిస్ నుంచి ఆయన కుటుంబాన్ని తెస్తున్న ఓడ మునిగిపోయింది. చిన్నప్పుడు ప్లేగు, ఇప్పుడు సముద్రం. కైరోలో ఆయన సిఫారసులు పట్టించుకోని ఖాజీ. దాంతో శత్రువులు పెరిగారు, పదవి ఎన్నోసార్లు పోయింది, మళ్లీ వచ్చింది. హజ్ మాత్రం 1387లో చేయగలిగారు.

1401లో తైమూర్ డమాస్కస్‌ను ముట్టడించినప్పుడు ఆయన లోపలే ఉన్నారు. దాదాపు 70 ఏళ్ల వయసులో, కోట గోడ మీద నుంచి తాళ్లతో కిందికి దిగి తైమూర్‌ను కలిశారు. అక్కడ చిక్కుకున్న ఈజిప్టు ఉద్యోగులకు అభయం ఇప్పించారు. నగరాన్ని మాత్రం కాపాడలేకపోయారు.

1406లో కైరోలో ఖాజీ పదవిలో ఉండగానే కన్నుమూశారు. పిల్లలకు ఆయన గురించి చెప్పేటప్పుడు ఫలానా శాస్త్రానికి ఆద్యుడు అని చెప్పి ఆపేస్తే సరిపోదు. తల్లిదండ్రులు పోయినా, పదవులు పోయినా, కుటుంబమే పోయినా ఇలా ఎందుకు జరుగుతోందని అడగడం ఆయన మానలేదు. ఆ సంగతి కూడా వాళ్లకు చెప్పాలి.