కలియుగ భీముడు కోడి రామమూర్తి

మన తాలీములలో మట్టి పూసికొని కసరత్తు చేయు బాలురెల్లరును ఎరుగవలసిన మల్లుడు కోడి రామమూర్తి నాయుడు. ఈయన నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టమున 1882లో జన్మించెను. విజయనగరమున పినతండ్రి యొద్ద పెరిగి కుస్తీలో ఆరితేరెను. మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది వ్యాయామోపాధ్యాయుడయ్యెను. పిదప సర్కసు కంపెనీ నెలకొల్పెను. ఊపిరి బిగించి ఇనుప గొలుసులు త్రెంచుట, రొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట చూచి జనులు విస్మయమందిరి.

ధనము విస్తారముగా వచ్చెను. ఆయన దానిని దానధర్మములకు వెచ్చించెను గాని తనకై దాచుకొనలేదు. మల్లునకు దేహమే పెట్టుబడి. అది సడలిన నాడు ఆదాయము నిలిచిపోవును. తిండి, మందుల ఖర్చులు నిలువవు. రామమూర్తికి వ్యాధి ముదిరి కాలు తీసివేయవలసి వచ్చెను. కడపటి దినములు లేమిలో గడచెను. ఒడిశాలోని బలంగీరులో 1942లో ఆయన కన్నుమూసెను.

నేడు విశాఖ సముద్రతీరమున ఆయన విగ్రహము కలదు. విగ్రహము నిలుపుట సులభము. బలము ఉడిగిన మల్లుని పోషించుట కష్టము. దానము ఆయన దోషము కాదు, ఆదుకొను ఏర్పాటు లేకుండుటయే లోపము. తల్లిదండ్రులారా, బాలుని తాలీమునకు పంపుడు. బడి మాత్రము మాన్పింపకుడు.