ఆంధ్ర నాటక పితామహుడు

నేటి శ్రీసత్యసాయి జిల్లాలోని ధర్మవరమున 1853లో ధర్మవరము రామకృష్ణమాచార్యులు జన్మించిరి. వృత్తిచే ఆయన బళ్ళారిలో న్యాయవాది.

ఆ కాలమున నాటకములాడువారిని పెద్దమనుష్యులు చిన్నచూపు చూచెడివారు. అట్టి రోజులలో ఆచార్యులవారు చదువుకొన్న మిత్రులను కూర్చుకొని సరసవినోదినీ సభను నడపిరి. తామే నాటకములు వ్రాసి, తామే వేషములు కట్టిరి. 1887లో ప్రదర్శించిన చిత్రనళీయములో పాత్రలచే పద్యములను రాగయుక్తముగా పాడించిరి. జనులు ముగ్ధులైరి. పిమ్మట కొందరు నటులు రాగము సాగదీసి కథను మరచిరి గాని, ఆ తప్పు ఆయనది కాదు.

నాటకము శుభముతోనే ముగియవలెనని ప్రాచీన నియమము. దానిని కాదని ఆయన విషాద సారంగధరను రచించిరి. నిరపరాధియగు రాకుమారునకు కన్నతండ్రియే ఘోరశిక్ష విధించు కథ యది.

1891లో ఈ సభవారు మద్రాసునకు వెళ్ళి, విక్టోరియా పబ్లిక్ హాలులో నాటకములాడిరి. చూడవచ్చినవారిలో పమ్మల్ సంబంధ మొదలియార్ అను పదునెనిమిదేండ్ల తమిళ యువకుడుండెను. తన భాషలోని నాటకములన్న ఆతనికి అంతవరకు ఏవగింపు. విద్యావంతులు, గౌరవనీయులు సంకోచింపక రంగమెక్కుట చూడగనే ఆతని మనసు మారెను. ఆ యేడే స్నేహితులతో సుగుణవిలాస సభను స్థాపించెను. ఆధునిక తమిళ నాటకమునకు ఆతడే పెద్దదిక్కయ్యెను.

ఆచార్యులవారు 1912లో స్వర్గస్థులైరి. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవయు న్యాయవాదియే. సహజనటనచే రాఘవ దేశమంతట కీర్తి గడించెను. మేనమామ రంగమునకు తెచ్చిన పద్యము రాగాలాపనగా పెరుగుటను మాత్రము ఆయన ఒల్లలేదు.