దామెర్ల రామారావు: ఆంధ్ర చిత్రకళకు ఊపిరి పోసిన యువకుడు

రాజమహేంద్రవరంలో 1897లో జన్మించిన దామెర్ల రామారావుకు బాల్యం నుంచే బొమ్మలంటే మక్కువ. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. అజంతా చిత్రాలపై అభిరుచి పెంచుకున్న రామారావు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. గుజరాత్‌లోని కాఠియావాడ్‌లో సంచరించి, అక్కడి పల్లె జీవితాన్ని చిత్రించారు.

అక్కడ నేర్చిన పాశ్చాత్య పద్ధతినిగానీ, నాడు ప్రాచుర్యంలో ఉన్న బెంగాల్ శైలినిగానీ అనుకరించక, తెలుగువారి జీవనానికి తగిన రేఖను అన్వేషించారు. ఆ లక్ష్యంతోనే 1923లో స్వస్థలంలో చిత్రకళాశాల స్థాపించారు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకముందే కన్నుమూశారు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ, మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కళను నిలబెట్టారు. ఆయన చిత్రాలను నేటికీ రాజమహేంద్రవరంలోని స్మారక చిత్రశాలలో చూడవచ్చు.