అరవై గోల్స్ వీరుడు డిక్సీ డీన్

ఫుట్‌బాల్ అనగానే మనకు పీలే, మారడోనా గుర్తుకొస్తారు. వాళ్లు పుట్టకముందే, ఒక్క సీజన్‌లో 60 లీగ్ గోల్స్ కొట్టిన సెంటర్ ఫార్వర్డ్ ఇంగ్లండ్‌లో ఒకాయన ఉన్నారు. ఆయన పేరు విలియం రాల్ఫ్ డీన్. జనం ‘డిక్సీ’ డీన్ అనేవారు కానీ ఆయనకు ఆ పేరు నచ్చేది కాదు. బిల్ అని పిలిస్తేనే ఇష్టం.

లివర్‌పూల్‌కు ఎదురుగా, మెర్సీ నది అవతలి ఒడ్డున ఉన్న బర్కెన్‌హెడ్‌లో 1907 జనవరి 22న పుట్టారు. ఆయన బడి కథ విచిత్రమైనది. దారి తప్పిన పిల్లలను దిద్దే ఆల్బర్ట్ ఇండస్ట్రియల్ స్కూల్‌కు ఆయన కోరి వెళ్లారు. ఏ తప్పూ చేసి కాదు, అక్కడ ఫుట్‌బాల్ వసతి బాగుందని! తోటి పిల్లలు అడిగితే దొంగతనం చేసి దొరికిపోయానని చెప్పుకునేవారట. మైదానం కోసమే బడికి వచ్చినవాళ్లు మన బ్యాచుల్లోనూ కొందరున్నారు కాబట్టి ఈ సంగతి మనకు వింతగా తోచదు.

చదువు అయ్యాక విర్రల్ రైల్వేలో ఫిట్టర్ అప్రెంటిస్‌గా చేరారు. ఎలుకల బెడద వల్ల మిగతా అప్రెంటిస్‌లు వద్దనుకున్న నైట్ షిఫ్ట్‌ను డీన్ అడిగి మరీ తీసుకున్నారు. పగలంతా ఆడుకోవచ్చని ఆయన లెక్క. ఇన్నేళ్లుగా ఫిట్టర్ల మధ్య ఉద్యోగం చేస్తున్న నాకు ఆయన మీద అభిమానం కలిగింది ఇక్కడే.

ముందు సొంత ఊరి క్లబ్ ట్రాన్‌మియర్ రోవర్స్‌కు ఆడారు. 1925లో ఎవర్టన్ క్లబ్ 3,000 పౌండ్లు చెల్లించి తీసుకుంది. అప్పటికి వయసు 18.

మరుసటి ఏడాది 1926 వేసవిలో నార్త్ వేల్స్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదం జరిగింది. పుర్రె చిట్లింది, దవడ విరిగింది. ఇక ఆడలేరేమోనని డాక్టర్లు అనుమానపడ్డారు. డీన్ ఆటకు బలమే తల. గాలిలోకి లేచి బంతిని తలతో గోల్‌లోకి పంపడంలో ఆయనకు సాటి లేరు. అలాంటి మనిషి ఆ అక్టోబరులోనే మైదానంలోకి వచ్చి, తొలి మ్యాచ్‌లోనే తలతో గోల్ కొట్టారు.

ఇక 1927-28 సీజన్. అంతకు ముందు ఏడాదే జార్జ్ కామ్‌సెల్ రెండో డివిజన్‌లో 59 గోల్స్ కొట్టి రికార్డు పెట్టారు. రెండు మ్యాచ్‌లు మిగిలి ఉండగా డీన్ 53 దగ్గర ఉన్నారు. బర్న్‌లీ మీద నాలుగు కొట్టారు. 1928 మే 5న సొంత మైదానం గుడిసన్ పార్క్‌లో ఆర్సెనల్‌తో చివరి మ్యాచ్. మొదట ఒకటి, తరువాత పెనాల్టీతో ఇంకొకటి కొట్టడంతో 59 అయ్యాయి. ఆట ముగింపు దగ్గర పడుతుండగా అలెక్ ట్రూప్ కార్నర్ నుంచి పంపిన బంతిని తలతో కొట్టి 60 పూర్తి చేశారు. రెండేళ్ల కిందట చిట్లిన తల అది.

1925లో ఆఫ్‌సైడ్ నిబంధనను సడలించడం వల్ల ఆ రోజుల్లో గోల్స్ పెరిగిన మాట నిజమే. కానీ ఆ సడలింపు అందరికీ వర్తించింది. ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్‌లో మరెవరూ ఒక సీజన్‌లో 50 కూడా చేరలేదు.

ఆ తరువాతి కథ నాకు ఇంకా ఇష్టం. 1930లో ఎవర్టన్ రెండో డివిజన్‌కు పడిపోయింది. డీన్ క్లబ్‌ను వదల్లేదు. 1931లో రెండో డివిజన్ గెలిచి పైకి తెచ్చారు, 1932లో లీగ్ విజేతగా నిలిపారు. 1933లో కెప్టెన్‌గా ఎఫ్.ఎ. కప్ అందుకున్నారు. ఆటగాళ్లు నంబర్లు వేసుకున్న తొలి ఎఫ్.ఎ. కప్ ఫైనల్ అదే. డీన్ చొక్కా మీద ఉన్నది 9. ఇంగ్లండ్‌కు 16 మ్యాచ్‌లలో 18 గోల్స్, ఎవర్టన్‌కు 399 లీగ్ మ్యాచ్‌లలో 349 గోల్స్ ఆయనవి.

తన స్థానం కోసమే టామీ లాటన్ అనే కుర్రవాణ్ని క్లబ్ తెచ్చిందని తెలిసీ, డీన్ అతనికి దగ్గరుండి ఆట మెళకువలు నేర్పారు. 1938లో ఎవర్టన్‌ను వీడారు. ఆటగాళ్ల జీతానికి పరిమితి ఉన్న కాలం కావడంతో కూడబెట్టింది తక్కువే. చెస్టర్‌లో ఒక పబ్ నడిపారు, తరువాత ఉద్యోగం చేసుకున్నారు. క్లబ్ ఆయన కోసం సహాయార్థం మ్యాచ్ పెట్టింది 1964లో. అంటే 26 ఏళ్లకు! 1976లో ఒక కాలు తీసేయవలసి వచ్చింది.

1980 మార్చి 1న గుడిసన్ పార్క్‌లో ఎవర్టన్, లివర్‌పూల్ మ్యాచ్ చూడడానికి వెళ్లి, అక్కడే గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 73. 2001లో ఆ మైదానం బయట ఆయన విగ్రహం నిలిపారు.

మన పిల్లలకు 60 అన్న అంకె ఎలాగూ గుర్తుంటుంది. నైట్ షిఫ్ట్ సంగతీ, పడిపోయిన జట్టుతో ఆయన నిలిచిన సంగతీ, తన చోటికి వచ్చిన కుర్రవాడికి ఆట నేర్పిన సంగతీ మనమే చెప్పాలి.