తంజావూరి ష్వార్ట్జు పాదిరిగారు

మృదువుగా మాటలాడుట బలహీనుల యుపాయమని మన విద్యార్థులలో కొందఱు తలంతురు. కలహము వచ్చినప్పుడు బిగ్గఱగా నఱచినవాడే గెలిచినట్లు వారికి తోచును. అట్టివారు చదువుటకై ష్వార్ట్జు పాదిరిగారి చరిత్రమును సంగ్రహముగ వ్రాయుచున్నాము.

క్రిస్టియన్ ఫ్రెడరిక్ ష్వార్ట్జుగారు 1726 వ సంవత్సరమున ప్రష్యా రాజ్యమందలి సొన్నెన్‌బర్గు అను నూర జన్మించిరి. హాలె పట్టణమున చదువుకొనుచు, అఱవ బైబిలు ముద్రణమునకు తోడ్పడుటకై యా భాషను నేర్చిరి. ఆ ముద్రణమును నడపుచుండిన షుల్జుగారు తెలుగునను క్రైస్తవ గ్రంథములు వ్రాసినవారగుట మనకు సంతోషకరము. ష్వార్ట్జుగారు 1750 లో తరంగంబాడి చేరి, పిమ్మట తిరుచిరాపల్లిలోను తంజావూరిలోను పనిచేసిరి. స్వదేశమునకు మరల పోలేదు; వివాహమాడలేదు. పారసీకము, హిందూస్థానీ, మరాఠీ భాషలను గూడ నభ్యసించిరి. ఎదుటివానిని వాని భాషలోనే పలుకరింపవలెనని యింత శ్రమపడుటయే యొక మర్యాద యని మా యభిప్రాయము.

1779 లో నింగ్లీషువారికిని మైసూరు నేలుచుండిన హైదరాలీకిని వైరము ముదిరెను. ఆ యేట నింగ్లీషువారు మాహేను పట్టుకొనుటచే హైదరు మిగుల కోపించి యుండెను. చెన్నపట్టణపు గవర్నరు ష్వార్ట్జుగారిని శ్రీరంగపట్టణమునకు రాయబారిగా పంపెను. కంపెనీ దొరల మాటలను నమ్మని హైదరు ఈ పాదిరి తన్ను మోసగింపడని నమ్మి, ఆయనను తన ప్రక్కనే తివాచీపై కూర్చుండబెట్టుకొని యాదరముతో మాటలాడెను. పాదిరిగారు తియ్యని మాటలతో తమ పక్షపు తప్పులను కప్పిపుచ్చ జూచినవారు కారు. హైదరు దారిఖర్చునకై యిచ్చిన 300 రూపాయలను చెన్నపట్టణమున కంపెనీవారి కొప్పగించిరి. వారు తిరిగి యీయగా, తంజావూరిలో అనాథబాలుర పాఠశాలకు వినియోగించిరి.

ఇంత చేసినను సంధి కుదురలేదు. ఇంగ్లీషువారు చేసిన వాగ్దానభంగములను నిష్ఠురముగ పేర్కొనుచు హైదరు వ్రాసి యిచ్చిన జాబును ఆయన తెచ్చి యందజేసిరి. 1780 లో హైదరు సేనలు కర్ణాటకముపై విఱుచుకొని పడెను. రాయబారి యెంత సత్యవంతుడైనను పంపినవారు మాట నిలుపుకొననియెడల నతడేమి చేయగలడు? అయినను పల్లెలు తగులబడుచుండిన యా దినములలో సయితము, ఈ పాదిరి యెక్కడికైన నిరాటంకముగ పోవచ్చునని హైదరు తన సేనాధిపతుల కుత్తరు విచ్చెను.

ఆ యుద్ధములోనే తంజావూరు కోటకు కఱవు వచ్చెను. త్యాగరాజస్వామి చిన్నవాడై యా సీమలోనే పెరుగుచుండిన కాలమది. కోట వెలుపల రైతులకడ ధాన్యమును ఎడ్లును గలవు. కాని మునుపు సొమ్ము ముట్టక మోసపోయిరి గావున వారు తేరైరి. రాజు మాటయు, దొరల మాటయు చెల్లలేదు. అప్పుడు ష్వార్ట్జుగారు తామే సొమ్ము చెల్లింతుమని రైతులకు జాబులు పంపిరి. రెండు దినములలో ఇంచుమించు 1000 ఎడ్లు, 80,000 కలముల ధాన్యము కోటకు చేరెను. ప్రతివానికిని పైకము ముట్టెను. ఆపై కొన్నియేండ్లకు, అధికారుల పీడచే ఊళ్లు విడిచిపోయిన రైతులను ఆయన నచ్చజెప్పి పిలువగా, 7000 మంది మరలివచ్చి, తప్పిన యదనును రాత్రింబగళ్లు పాటుపడి పూరించుకొనిరి. బెదరింపులతో కానిపని యిట్లయ్యెను.

1787 లో తుళజా మహారాజు మరణకాలమున తన దత్తపుత్రుడైన శరభోజిని ఈయనకు అప్పగింపజూచెను. సంస్థానములో కలహము పుట్టునని పాదిరిగారు సంకోచించి, రాజు తమ్ముడు అమరసింహుడే సంరక్షకుడుగా నుండుట మేలనిరి. ఈ యాలోచన ఫలింపలేదనియే చెప్పవలెను. అమరసింహుడు బాలుని కష్టపెట్టెను. దీనిని గ్రహించిన పిమ్మట పాదిరిగారు ఊరకుండక, బాలుని పక్షమున కంపెనీవారికి విన్నవించి, 1793 లో నాతని చెన్నపట్టణమునకు చేర్పించిరి.

ష్వార్ట్జుగారు 1798 ఫిబ్రవరి 13 వ తేదీన కాలధర్మము నొందిరి. శరభోజి వచ్చి ముఖము చూచువఱకు సమాధి కార్యము నిలిపియుంచిరి. హిందూమతమును విడువని యా రాజకుమారుడు శవపేటికపై కన్నీరు కార్చెను. ఆ యేడే సింహాసనమెక్కి, ఇంగ్లాండులో ఫ్లాక్స్‌మన్ అను శిల్పిచే చలువరాతి ఫలకమును చెక్కించి తెప్పించెను. మంచముపై పరుండిన వృద్ధుని చేయి పట్టుకొని శరభోజి నిలిచియున్నట్లు దానియందు చెక్కబడి యున్నది. అది తంజావూరు శివగంగకోటలోని దేవాలయములో గలదు.